కారణం గడిలో ఏం రాశారు?

2019 ఆగస్టు 31, శనివారం. మా బావగారు జీడిమెట్లలోని ఫ్యాక్టరీకి ఆఖరిసారి వెళ్లింది ఆ రోజే. బాయిలర్ దగ్గర పదిహేనేళ్లు పనిచేసిన మనిషి. అప్పటికి ఐదు నెలలుగా వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకుంటున్నారు. ఎడమ చేతికి ఫిస్టులా వేశారు, ఆ చేత్తో బరువెత్తకూడదన్నారు. హెచ్‌ఆర్‌లో పనిచేసే కుర్రాడు మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఒక తెల్లకాగితం ముందు పెట్టాడు. "జబ్బు సంగతి ఎందుకులెండి సార్, వ్యక్తిగత కారణాలని రాసేయండి. పీఎఫ్ తొందరగా వచ్చేస్తుంది" అన్నాడు. బావగారు రాసిచ్చారు. ఒకటే వాక్యం.

ఆ కుర్రాడిది చెడ్డ ఉద్దేశం అని నేను అనుకోను. అందరికీ అలాగే చెప్పి ఉంటాడు. కానీ ఆ ఒక్క వాక్యం ఖరీదెంతో ఇప్పుడు లెక్క కట్టి చెప్పగలను. బావగారికి 50 ఏళ్లు నిండేదాకా చూస్తే రూ.1,68,000. 58 నిండేదాకా చూస్తే రూ.3,60,000. ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే, రేపు మీ ఇంట్లోనో మీ పక్కింట్లోనో ఇలాంటి తెల్లకాగితం ఎదురైనప్పుడు పెన్ను తీసేముందు ఒక్క రోజు ఆగుతారు. అందుకే రాస్తున్నాను.

పీఎఫ్ కట్టే ప్రతి ఉద్యోగి పేరిట రెండు ఖాతాలున్నాయన్న సంగతి చాలామందికి సగమే తెలుసు. జీతంలోంచి మనకు కోసే 12 శాతం మొత్తం ప్రావిడెంట్ ఫండ్‌లోకి పోతుంది. యజమాని కట్టే 12 శాతం మాత్రం రెండు పాయలవుతుంది. అందులో 8.33 శాతం ఉద్యోగుల పెన్షన్ పథకానికి వెళ్తుంది. 1995 నవంబరు 16న మొదలైంది కాబట్టి దాన్ని అందరూ ఈపీఎస్-95 అంటారు. కేంద్ర ప్రభుత్వం ఇంకో 1.16 శాతం కలుపుతుంది. ఈ 8.33 శాతాన్ని పూర్తి జీతం మీద కాకుండా ఒక పరిమితి మీద లెక్కగడతారు. మొదట ఆ పరిమితి రూ.5,000. 2001 జూన్ నుంచి రూ.6,500. 2014 సెప్టెంబరు 1 నుంచి రూ.15,000. అంటే మీ బేసిక్, డీఏ కలిపి నలభై వేలున్నా పెన్షన్ ఖాతాకు మామూలుగా వెళ్లేది నెలకు రూ.1,250 మాత్రమే. ఎక్కువ జీతం మీద కట్టే ఆప్షన్ ఇచ్చుకున్నవాళ్ల దారి వేరు, వాళ్ల లెక్క ఇక్కడికి తేను.

పాస్‌బుక్‌లో పీఎఫ్ పక్కన ఇంకో కాలమ్‌లో ఈ డబ్బు కనిపిస్తుంది. చాలామంది అది కూడా ఎప్పుడో ఒకసారి చేతికొచ్చే సొమ్మే అనుకుంటారు. నిజానికి పదేళ్ల సర్వీసు దాటాక అది మూటగా చేతికి రాదు, నెలనెలా వచ్చే పెన్షన్‌గానే వస్తుంది. మామూలుగా 58 ఏళ్లకు. తొందరపడితే 50కి. కానీ 58కి ఎన్నేళ్లు తక్కువైతే అన్నేళ్లకు ఏడాదికి 4 శాతం చొప్పున కోత. 50 ఏళ్లకే మొదలుపెడితే దాదాపు 30 శాతం పోతుంది, ఆ కోత బతికినంత కాలం అలాగే ఉంటుంది.

ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సంగతులు. జబ్బుపడినవాళ్ల కోసం ఈపీఎస్‌లో 15వ పేరా అని వేరే ఒక తలుపు ఉంది. అందులోని నాలుగు మాటలు ఎవరికి చెప్పినా మొదట నమ్మలేదు, మా అక్కతో సహా. ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పనికి అశక్తుడైన సభ్యుడికి వయసుతో నిమిత్తం లేకుండా మర్నాటి నుంచే పెన్షన్ మొదలవుతుంది. పదేళ్ల సర్వీసు ఉండాలన్న నిబంధన అతనికి లేదు, ఒక్క నెల చందా కట్టి ఉంటే చాలు. 4 శాతం కోతా లేదు. బతికినంత కాలం వస్తుంది. ఆ వైకల్యం ఫ్యాక్టరీలోనే కలగాలని కూడా లేదు. ఇంట్లో మెట్ల మీద పడినా, దారిలో లారీ గుద్దినా, ఒంట్లోంచే జబ్బు పుట్టినా ఒకటే.

ఇప్పుడు బావగారి లెక్క చూద్దాం. సూత్రం చిన్నదే. పెన్షన్ జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. 2014 తర్వాత పెన్షన్ జీతమంటే చివరి 60 నెలల సగటు. అయితే 2014 ఆగస్టు 31 దాకా చేసిన సర్వీసుకు రూ.6,500 దగ్గర, ఆ తర్వాతి సర్వీసుకు రూ.15,000 దగ్గర ఆపుతారు. బావగారు 2004 సెప్టెంబరులో చేరారు. మొదటి పదేళ్లకు 6,500ను 10తో గుణించి 70తో భాగిస్తే రూ.928.57. తర్వాతి ఐదేళ్లకు 15,000ను 5తో గుణించి 70తో భాగిస్తే రూ.1,071.43. రెండూ కలిపితే కచ్చితంగా రూ.2,000. మొదటిసారి ఆ అంకె తేలినప్పుడు ఎక్కడో పొరపాటు చేశాననుకుని మళ్లీ వేశాను. అదే వచ్చింది.

అప్పటికి ఆయనకు 43 ఏళ్లు. 15వ పేరా కింద వెళ్లి ఉంటే 2019 సెప్టెంబరు 1 నుంచి నెలకు రెండు వేలు. 50 దాకా 84 నెలలు, రూ.1,68,000. ఆ తలుపు తట్టలేదు కాబట్టి ఇప్పుడున్న రికార్డు ప్రకారం ఆయనకు మిగిలినవి రెండే. ఒకటి, 50కి కోత పడిన పెన్షన్, సుమారు రూ.1,400. రెండు, 58 దాకా 180 నెలలు ఎదురుచూసి పూర్తి రెండు వేలు. డయాలిసిస్ మీద ఉన్న మనిషిని ఇంకో ఎనిమిదేళ్లు ఆగమని ఏ నోటితో చెప్తాం?

రెండు వేలంటే ఎంత, దాని కోసం ఇంత రాద్ధాంతమా అని అడిగినవాళ్లున్నారు. మా అక్క ఇంట్లో ఆ రెండు వేలంటే నెలకు సరిపడా బియ్యం, పప్పు, డయాలిసిస్ సెంటర్‌కు ఆటో ఖర్చు. ఆయన పదిహేనేళ్లు కష్టపడి కూడబెట్టుకున్న హక్కు కూడా.

కారణం గడి సంగతికొద్దాం. ఉద్యోగి మానేసినప్పుడు కంపెనీ పీఎఫ్ వెబ్‌సైట్‌లో రెండు వివరాలు నింపుతుంది. ఒకటి మానేసిన తేదీ, రెండోది మానేసిన కారణం. ఆ కారణాల్లో షార్ట్ సర్వీస్ అని ఒకటి, రిటైర్మెంట్ అని ఒకటి, సర్వీసులో మరణం అని ఒకటి, పర్మనెంట్ డిజేబుల్‌మెంట్ అని ఒకటి ఉంటాయి. రాజీనామా లేఖలో వ్యక్తిగత కారణాలని ఉంటే కంపెనీ షార్ట్ సర్వీస్ నొక్కేస్తుంది. తర్వాత మీరు పెన్షన్ దరఖాస్తు అయిన 10-డి ఫారంలో వైకల్య పెన్షన్ అని రాసి పంపినా, రికార్డులో ఆ మనిషి ఇష్టపూర్వకంగా మానేసిన ఆరోగ్యవంతుడు. ఫారం ఒకటి చెప్తుంది, రికార్డు ఇంకొకటి చెప్తుంది. ఫైలు అక్కడే ఆగిపోతుంది.

పీఎఫ్ సొమ్ముకు కూడా ఆ గడే ఆధారం. మామూలు రాజీనామా అయితే పూర్తి డబ్బు తీసుకోవడానికి అప్పట్లో రెండు నెలలు ఖాళీగా ఉండాల్సి వచ్చేది. శరీరం లేదా మనసు పనికి అశక్తమై విరమించిన వారికి, డాక్టరు ధ్రువపత్రం ఉంటే, ఆ ఎదురుచూపు లేదు. త్వరగా వస్తుందనే కదా బావగారు వ్యక్తిగత కారణాలని రాసింది! నిజానికి జబ్బు అని రాసి ఉంటేనే త్వరగా వచ్చేది. ఇక ముందు ఈ తేడా ఇంకా పెద్దది కాబోతోంది. 2025 అక్టోబరు 13న ఈపీఎఫ్ఓ ట్రస్టీల బోర్డు తీసుకున్న నిర్ణయంలో, ఉద్యోగం పోయినవారు పీఎఫ్ పూర్తిగా ముగించుకోవడానికి 12 నెలలు, పెన్షన్ సొమ్ము వెనక్కి తీసుకోవడానికి 36 నెలలు అని పెట్టారు. శాశ్వత వైకల్యం, పనికి అశక్తత ఉన్నవారికి మాత్రం మొత్తం సొమ్ము తీసుకునే వీలు ఉంచారు.

పన్నులోనూ తేడా ఉంది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా పీఎఫ్ తీస్తే పన్ను పడుతుంది. అనారోగ్యం వల్ల ఉద్యోగం పోయినవారికి ఆ ఐదేళ్ల షరతు వర్తించదు.

పూర్తిగా అశక్తుడంటే ఎవరు?

15వ పేరాలో గట్టిగా చదవాల్సిన మాట ఇదే. నిర్వచనం ప్రకారం, ఆ సమయంలో ఉద్యోగి చేయగలిగిన పనులన్నిటికీ శాశ్వతంగా అశక్తుడిని చేసే వైకల్యం. విన్నప్పుడు మంచం పట్టినవాళ్లకే అనిపిస్తుంది. కానీ అదే పేరాలో మెడికల్ బోర్డు తేల్చాల్సిన ప్రశ్నను ఇలా పెట్టారు: వైకల్యం కలిగిన నాటికి అతను చేస్తున్న ఉద్యోగానికి శాశ్వతంగా, పూర్తిగా పనికిరాకుండా పోయాడా లేదా? ఈ రెండు వాక్యాల మధ్యే దరఖాస్తుల గెలుపోటములు జరుగుతాయి.

కాబట్టి డాక్టరు దగ్గర తీసుకునే కాగితంలో జబ్బు పేరుంటే సరిపోదు. సీకేడీ స్టేజ్ 5 (కిడ్నీ జబ్బు ఆఖరి దశ) అని ఒక్క ముక్క రాసిస్తే, బోర్డులో కూర్చున్న డాక్టరుకు బాయిలర్ పని ఎలా ఉంటుందో ఎలా తెలుస్తుంది? ఎనిమిది గంటల షిఫ్టు, వేడి దగ్గర నిలబడటం, వాల్వులు తిప్పడం, బస్తాలు మోయడం, రాత్రి డ్యూటీలు, ఇవన్నీ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. ఈ పనులు ఈ మనిషి ఇక ఎప్పటికీ చేయలేడు, ఫలానా తేదీ నుంచి చేయలేకపోతున్నాడు అని వైద్యం చేస్తున్న డాక్టరు రాయాలి. ఆ తేదీ ఉద్యోగంలో ఉన్న రోజుల్లోది అయ్యుండాలి. రెండు కాగితాలూ ఒకే కథ చెప్పాలి. బోర్డుకు పంపేది పీఎఫ్ కార్యాలయమే, మనంతట మనం వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకునే పద్ధతి కాదిది.

మన రెండు రాష్ట్రాల్లోనూ జనం ఇక్కడే పొరబడుతున్నారు. సదరం సర్టిఫికెట్ చేతిలో ఉంటే అన్నీ అయిపోయినట్టే అనుకుంటారు. సదరం కొలిచేది వైకల్య శాతాన్ని. చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఏదో ఒకటి 40 శాతం ఉంటే బస్ పాస్‌కు, ఆసరాకు, రిజర్వేషన్‌కు పనికొస్తుంది. ఈపీఎస్ అడిగేది శాతం కాదు, పని. కాలులో 60 శాతం వైకల్యం ఉన్న అకౌంటెంట్ కుర్చీలో కూర్చుని తన పని నిక్షేపంగా చేసుకోగలడు. గుండె బాగా బలహీనపడిన లోడింగ్ కూలీకి సదరంలో చెప్పుకోదగ్గ శాతం రాకపోయినా ఆ పని ఇక చేయలేడు. సదరం కాగితాన్ని జతచేయండి, మంచిదే. దాని మీదే ఆధారపడొద్దు.

తక్కువ సర్వీసు ఉన్నవాళ్ల నష్టం మా బావగారి నష్టం కంటే ఎక్కువని నా అభిప్రాయం. నాలుగేళ్లు చేసిన ఇరవయ్యారేళ్ల కుర్రాడిని తీసుకుందాం, పెన్షన్ జీతం రూ.15,000 అనుకుందాం. బైక్ మీంచి పడి వెన్నెముక దెబ్బతింది. ఇంట్లో అందరూ కంగారులో ఉంటారు, డబ్బు కావాలి. ఎవరో ఆన్‌లైన్‌లో 10-సి ఫారం నింపి పెన్షన్ సొమ్ము కూడా తీసేస్తారు. వచ్చేది 60 వేల చుట్టుపక్కల. ఆ క్షణంలో పెన్షన్ పథకంతో అతని బంధం తెగిపోతుంది. అదే 10-డి వేసి ఉంటే? సూత్రం ప్రకారం 15,000ను 4తో గుణించి 70తో భాగిస్తే రూ.857. అయితే 2014 సెప్టెంబరు నుంచి కనీస పెన్షన్ రూ.1,000 కాబట్టి వెయ్యి వస్తుంది. అరవై నెలలకే ఆ 60 వేలు వచ్చేస్తాయి. అతనికి ఇరవయ్యారేళ్లే, ఇంకో ముప్పై నలభై ఏళ్లు బతకాల్సినవాడు. ఆ తర్వాత భార్యకు సగం పెన్షన్, అదీ కనీసం వెయ్యికి తగ్గకుండా. ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా ఒక్కొక్కరికి అందులో పావు వంతు. ఆస్పత్రి వరండాలో కూర్చుని ఫోన్‌లో 10-సి నొక్కే బంధువుకు ఇవేవీ ఎవరూ చెప్పరు.

వెయ్యి రూపాయలు చాలా తక్కువ. దీన్ని చెప్పకుండా దాటిపోతే నాకు నిద్రపట్టదు. పదేళ్లకు పైగా అదే అంకె. ఈపీఎస్ పెన్షన్‌కు డీఏ లేదు, మొదటి నెల ఎంతో చివరి నెలా అంతే. పెన్షనర్ల సంఘాలు రూ.7,500 అడుగుతున్నాయి. పోలిక చూడండి. తెలంగాణలో ఆసరా కింద దివ్యాంగులకు రూ.4,016, డయాలిసిస్ రోగులకు రూ.2,016. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు రూ.6,000, డయాలిసిస్ మీద ఉన్నవారికి రూ.10,000, పూర్తిగా మంచానికి పరిమితమైనవారికి రూ.15,000. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి కనీస పెన్షన్ రూ.9,000, దాని మీద డీఏ. నెలనెలా చందా కట్టి సంపాదించుకున్న పెన్షనే ఈ అన్నిటిలోకీ చిన్నది. రాష్ట్రాల పెన్షన్లకు ఆదాయ పరిమితులుంటాయి, అందరికీ రావు. ఒకదానికి దరఖాస్తు చేసేముందు రెండోది ఏమవుతుందో మీ సచివాలయంలోనో ఎంపీడీఓ కార్యాలయంలోనో అడిగి రాయించుకోండి.

మన తెలుగు డాక్టర్లు, నర్సులు చాలామంది పనిచేసే బ్రిటన్ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఇదే పరిస్థితిని ఎలా చూస్తారో తెలుసుకున్నాక నాకు బాధ ఇంకా పెరిగింది. అక్కడ రెండేళ్ల సర్వీసు దాటిన ఉద్యోగి జబ్బుతో విరమిస్తే రెండు మెట్లున్నాయి. తన ఉద్యోగం చేయలేకపోతే, అప్పటిదాకా సంపాదించిన పెన్షన్ కోత లేకుండా. ఏ క్రమబద్ధమైన ఉద్యోగమూ చేయలేకపోతే, దానిమీద ఇంకా మిగిలిన సర్వీసులో సగం చేసినట్టే లెక్కగట్టి కలుపుతారు. ఆ సూత్రాన్ని బావగారికి వేసి చూశాను. 43 నుంచి 58కి పదిహేనేళ్లు, అందులో సగం ఏడున్నర. 15,000ను 7.5తో గుణించి 70తో భాగిస్తే రూ.1,607. రెండు వేలు రూ.3,607 అయ్యేవి. డబ్బుకంటే ఆ ఆలోచన నాకు నచ్చింది. జబ్బు వల్ల చేయలేకపోయిన సంవత్సరాలు ఆ మనిషి తప్పు కాదని ఒప్పుకోవడం అది.

గ్రాట్యుటీ సంగతి త్వరగా చెప్తాను. బావగారి చివరి బేసిక్, డీఏ కలిపి రూ.20,800. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే రూ.12,000. పదిహేనేళ్లకు రూ.1,80,000. అది ఆయనకు పూర్తిగా వచ్చింది, ఎందుకంటే ఐదేళ్లు దాటితే కారణంతో పనిలేదు. ఐదేళ్లు నిండనివారికే కారణం ప్రాణం. మరణం లేదా వైకల్యం వల్ల ఉద్యోగం ముగిస్తే ఐదేళ్ల షరతు ఉండదు. 1972 నాటి చట్టంలో ఉన్న ఈ మినహాయింపును 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంచారు. పైన చెప్పిన ఇరవయ్యారేళ్ల కుర్రాడి బేసిక్ కూడా ఇంతే అనుకుంటే అతనికి రూ.48,000 రావాలి. ఐదేళ్లు కాలేదు కదా అని వెనక్కి పంపేస్తే నమ్మకండి, రాతపూర్వకంగా అడగండి.

నెల జీతం రూ.21,000 లోపున్నవారు ఉద్యోగం వదిలే ముందు ఈఎస్ఐ పూర్తిగా వాడుకోవాలి. జబ్బు సెలవుకు ఏడాదిలో 91 రోజులు జీతంలో 70 శాతం. రెండేళ్లు ఉద్యోగంలో ఉండి చందా షరతులు తీరితే, టీబీ, క్యాన్సర్, పక్షవాతం లాంటి 34 దీర్ఘ జబ్బులకు 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా పొడిగిస్తారు. ఆ రెండేళ్లలో కొందరు కోలుకుని మళ్లీ పనిలోకి వెళ్తారు. కోలుకోనివాళ్లకు పెన్షన్ దరఖాస్తుకు కావలసిన వైద్య రికార్డు మొత్తం ఈఎస్ఐ డిస్పెన్సరీలోనే తయారవుతుంది. మొదటి నెలలోనే రాజీనామా చేస్తే రెండూ పోతాయి.

ప్రభుత్వ రంగంలో ఉన్నవారికి

ఇక్కడ ఆట వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 20వ సెక్షన్, నాలుగో ఉపసెక్షన్. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనిలోకి మార్చాలి. అలాంటి ఖాళీ లేకపోతే అదనంగా ఒక పోస్టు సృష్టించి, తగిన పోస్టు దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా అందులో ఉంచాలి. అంటే పెన్షన్ తీసుకుని ఇంటికి వెళ్లడమన్నది చివరి మెట్టు, మొదటిది కాదు. ఒంట్లో ఓపిక లేదు, వెళ్లిపోతాను అన్నవారికి పెన్షన్ ఉంది. కేంద్ర ఉద్యోగులకు 2019 జనవరి నుంచి పదేళ్ల సర్వీసు లేకపోయినా ఇన్వాలిడ్ పెన్షన్ వస్తోంది. ఎన్‌పీఎస్‌లో ఉన్నవారు కూడా పాత పద్ధతి పెన్షన్ కోరుకునే ఆప్షన్ ముందే ఇచ్చిపెట్టుకోవచ్చు.

తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరి కేసు ఈ విషయంలో అందరూ చదవాల్సింది. 2014లో చేరారు. రంగులు గుర్తుపట్టే పరీక్షలో తప్పారు. డ్రైవింగ్‌కు మెడికల్ అన్‌ఫిట్ అని 2016 జనవరిలో ఇంటికి పంపేశారు. వేరే పని ఇవ్వమంటే, వర్ణాంధత్వం చట్టంలోని వైకల్యాల జాబితాలో లేదు కదా అన్నారు. తొమ్మిదేళ్ల పోరాటం తర్వాత 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. వర్ణాంధత్వం ఉన్న డ్రైవర్లకు వేరే ఉద్యోగం ఇస్తామని సంస్థ 1979లో కార్మికులతో రాసుకున్న ఒప్పందాన్ని కోర్టు ఆధారంగా తీసుకుంది. వేరే పోస్టు లేదని నిరూపించుకోవాల్సిన బాధ్యత సంస్థదే, కార్మికుడిది కాదంది. అదే జీత స్థాయిలో ఉద్యోగం, జీతం బకాయిల్లో 25 శాతం ఇవ్వమంది. నలభై ఆరేళ్ల కిందటి యూనియన్ ఒప్పందం ఒక మనిషి అన్నం నిలబెట్టింది. మీ సంస్థలో అలాంటి పాత ఒప్పందాలేమైనా ఉన్నాయేమో యూనియన్ ఆఫీసు బీరువాలో వెతికించండి. సింగరేణిలో మెడికల్ ఇన్వాలిడేషన్ అయిన కార్మికుడి వారసుడికి ఉద్యోగం ఇచ్చే ఆనవాయితీ కూడా ఇలా ఒప్పందాల బలం మీద నిలిచినదే.

ప్రైవేటు ఫ్యాక్టరీలో ఈ 20వ సెక్షన్ రక్షణ లేదు. మా బావగారిని గేటు దగ్గర రిజిస్టరు రాసే పనిలోకి మార్చమని అక్క వెళ్లి అడిగింది. ఖాళీ లేదన్నారు. అక్కడితో అయిపోయింది. ఆ రోజు మాకు ఈ వరస తెలిసి ఉంటే ఇలా చేసేవాళ్లం: ముందు ఉన్న సెలవులన్నీ సిక్ లీవుగా పెట్టించడం. సెలవు చీటీల మీద జబ్బు పేరు రాయించడం. డాక్టరు కాగితం, పని వివరాల కాగితం తెచ్చుకోవడం. ఆరోగ్య కారణాల వల్ల పనిచేయలేక విరమిస్తున్నానని లేఖ రాసి, దాని నకలు మీద కంపెనీ ముద్ర వేయించుకోవడం. మానేసిన తేదీ ఎక్కించేటప్పుడు పర్మనెంట్ డిజేబుల్‌మెంట్ అని నొక్కించడం. ఆ తర్వాతే 10-డి. రాజీనామా అన్న మాట ఎక్కడా వాడకపోవడం.

అయిపోయిందానికి దారి లేదా అని నేను చాలామందిని అడిగాను. ఉంది. పీఎఫ్ రికార్డులో తప్పులు సరిచేయడానికి ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్ అని ఒకటుంది. 2023లో ఈపీఎఫ్ఓ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలా సరిచేయదగ్గవి 11 వివరాలని చెప్పారు. పేరు, పుట్టిన తేదీ లాంటి వాటితోపాటు మానేసిన కారణం కూడా ఆ పదకొండులో ఒకటి. కంపెనీ ఒప్పుకోవాలి, ఆధారాలుండాలి.

ఆ హెచ్‌ఆర్ కుర్రాడు ఇప్పుడు ఆ కంపెనీలో లేడు. అతని స్థానంలో ఉన్న అమ్మాయి మా అక్క చెప్పింది ఓపిగ్గా వింది. రాజీనామా లేఖ అలా ఉండగా ఊరికే మార్చలేనండీ, జబ్బు అప్పటికే ఉందని చూపించే కాగితం ఏదైనా ఉంటే పైవాళ్లను అడుగుతాను అంది. స్టోర్ రూమ్‌లోంచి 2019 నాటి హాజరు రిజిస్టరు తీయించి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పేజీలు జిరాక్స్ తీసి ఇచ్చింది. డయాలిసిస్ సెంటర్ వాళ్లు ఇచ్చిన కార్డులు అక్క పారేయలేదు, పచ్చ రబ్బరు బ్యాండు వేసి బియ్యం డబ్బా మీద పెట్టి ఉంచింది.

మొన్న ఆదివారం వెళ్లేసరికి ఇద్దరూ చాప మీద కూర్చుని ఉన్నారు. బావగారు కార్డు మీది తేదీ పైకి చదువుతున్నారు. రిజిస్టరు పేజీలో అదే తేదీన సెలవు పడిందో లేదో చూసి అక్క పెన్సిల్‌తో టిక్కు పెడుతోంది. మే నెల అయిపోయింది. జూన్‌లో నాలుగో తేదీ దగ్గరున్నారు.